నల్లగొండలో మా రోవర్లు, రేంజర్లకు ఒక పాత గది దొరికింది. డెన్‌గా, అంటే మేము కలుసుకునే చోటుగా, ఎట్లా మార్చుకోవాలి?

నీలగిరి రేంజర్ లీడర్:

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నల్లగొండలో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఓపెన్ గ్రూపు ఒకటి నడుపుతున్నాం. ఏ స్కూలుకూ, ఏ కాలేజీకీ చెందింది కాదు, అందుకే మాకంటూ ఒక జాగా లేదు. ప్రస్తుతం 17 మంది ఉన్నారు. 9 మంది రోవర్లు, అంటే స్కౌట్స్‌లో పెద్ద వయసు అబ్బాయిలు, 8 మంది రేంజర్లు, అంటే గైడ్స్‌లో పెద్ద వయసు అమ్మాయిలు. అందరూ 18, 23 ఏళ్ల మధ్య వాళ్లే. సగం మంది డిగ్రీ చదువుతున్నారు. ఒకబ్బాయి మెడికల్ షాపులో చేస్తాడు. ఇద్దరు మిర్యాలగూడ రైసు మిల్లుల్లో లెక్కలు రాస్తారు, వాళ్లకు ఆదివారం ఒక్కటే తీరిక. పానగల్ నుంచి ఒకమ్మాయి సైకిల్ మీద వస్తుంది, ఇప్పటిదాకా ఒక్క వారం కూడా ఆలస్యం కాలేదు.

మూడేళ్లుగా ఒక కాలేజీ వరండాలో కలుస్తున్నాం. సామానంతా మా ఇంట్లో మంచం కింద ఉంటుంది. తాళ్లు, జెండా, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, పది బొంగు కర్రలు. ప్రతి ఆదివారం అవన్నీ ఆటోలో వేసుకొని వెళ్లాలి. కర్రలు బయటికి పొడుచుకొస్తాయని డ్రైవరన్న చివరన ఎర్ర గుడ్డ కడతాడు. ఆ గుడ్డ ఇప్పుడు ఆయన ఆటోలోనే ఉంటుంది, మాకోసమే దాచాడు. అక్కడికి చేరి, వరండా ఊడ్చి, సామాను పరుచుకునేసరికి అరగంట పోతుంది. మళ్లీ సర్దడానికి ఇంకో అరగంట.

పోయిన జూన్‌లో రెండు కర్రలు, ఒక దుప్పటితో స్ట్రెచర్ కట్టడం నేర్పిస్తున్నాం. ఒకమ్మాయిని దాని మీద పడుకోబెట్టి ఎత్తాం కూడా. అప్పుడే వాచ్‌మన్ వచ్చి లోపల ఏదో పరీక్ష ఉందట, వెంటనే ఖాళీ చేయమన్నాడు. ఆయన తప్పేం లేదు, పైనుంచి చెప్పారు. ఆ అమ్మాయిని దించే టైం కూడా లేక అట్లనే మోసుకుంటూ గేటు బయటికి వచ్చాం. పిల్లలు నవ్వారు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ వయసు పిల్లలు వారంలో ఉన్న ఒక్క సెలవునూ మన చేతిలో పెడుతున్నారు. వాళ్లను కూర్చోబెట్టడానికి మన దగ్గర ఒక చోటు లేకపోతే ఎట్లా?

ఇప్పుడు సంగతికి వస్తా. పానగల్ రోడ్డు వైపు మా పెద్దనాన్న వాళ్ల పాత ఇల్లుంది. ఇంటి వెనక వడ్ల కొట్టు. 22 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. రాతి గోడలు, సున్నం కట్టుబడి, పైన బెంగళూరు పెంకులు. కింద బండలు పరిచి ఉన్నాయి. ఒక దర్వాజ ఇంటి వాకిట్లోకి, ఇంకోటి గల్లీలోకి. కరెంటు లేదు. పెద్దనాన్న హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. "పాడుపడే బదులు మీ పిల్లలు వాడుకోండి బిడ్డా, కిరాయి ఏం వద్దు" అన్నాడు.

పోయిన వారం ఎనిమిదేళ్ల తర్వాత ఆ తలుపు తీశాం. గబ్బిలాల వాసన. మూలన ఊక కుప్ప. ఫోన్ లైట్ వేసి చూస్తే గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు కనిపించాయి. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డ గీత, అట్లా వరుసలు వరుసలుగా. మా తాత బస్తాలు లెక్క పెట్టుకున్న గీతలు. కొన్నిచోట్ల వేలితో తుడిచేసి మళ్లీ గీసినట్టుంది.

మా చేతిలో 18,600 రూపాయలున్నాయి. పాత పేపర్లు, అట్టలు ఏరి అమ్మినవి, నెలకు ఇంత అని వేసుకున్నవి. వీటిని ముందు దేని మీద పెట్టాలి? అబ్బాయిలు, అమ్మాయిలు ఒకే గదిలో అంటే తల్లిదండ్రులకు ఏం చెప్పాలి? తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి? ఒక సీనియర్ సార్ మాత్రం "గది ఇస్తే ఇక కదలరు, లోపలే కూర్చొని ముచ్చట్లు పెడతారు" అన్నారు. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. డెన్ నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.


పాలమూరు పాత రోవర్:

బిడ్డా, నేను రోవర్‌గా ఉన్నది నలభై ఏళ్ల కింద. నా అనుభవం చెప్తా, పనికొస్తే తీసుకో.

అన్నిటికంటే ముందు కాగితం. సున్నం కాదు, బల్బు కాదు, కాగితం. మాకు అప్పట్లో ఒక బడిలో వాడని గది ఇచ్చారు. నోటిమాట మీద ఇచ్చారు. తొమ్మిది నెలలు కష్టపడి దాన్ని తీర్చిదిద్దాం. గోడ మీద చిహ్నం గీయడానికి మా వాడొకడు రోజూ సాయంత్రం నిచ్చెన ఎక్కేవాడు. తర్వాత పెద్దసారు మారారు. విరిగిన బెంచీలు పెట్టడానికి ఒక మూల అడిగారు, సరే అన్నాం. ఆ మూల గదంతా అయింది. ఒకరోజు పోతే కొత్త తాళం వేసి ఉంది. మా సామాను లోపల. ఏడాది తర్వాత తీయించుకున్నాం. జెండా విప్పితే మడతల్లో ఎలుక పిల్లలు పెట్టింది. ఆ జెండా చేతిలో పట్టుకొని నేను నేర్చుకున్న పాఠం అది.

మీ పెద్దనాన్న మంచివాడు, అందులో అనుమానం లేదు. కానీ రేపు అన్నదమ్ముల పంపకాలు వస్తాయి, కొనేవాళ్లు వస్తారు. అందుకే తెల్ల కాగితం మీదైనా సరే రాయించుకో. ఏ గది, దేనికోసం, ఎన్నేళ్లు, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, పెట్టిన ఫ్యాను, బల్బులు ఎవరివి. నీ పేరు మీద వద్దు, గ్రూపు పేరు మీద, గ్రూపు కమిటీ అధ్యక్షుడి సంతకంతో. ఒక కాపీ జిల్లా అసోసియేషన్‌లో ఇవ్వు. సొంతవాళ్ల దగ్గర కాగితం అడగడం మొహమాటంగా ఉంటుంది, తెలుసు. ఆయన ముందు కూర్చొని నువ్వే రాసి చదివి వినిపించు, ఆయనే సంతోషపడతాడు.

ఇక గది ఇస్తే కదలరన్న మాట. ఆ సార్ చెప్పింది సగం నిజం. స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ రోవరింగ్ అంటే ఆరుబయలు, సేవ, ఈ రెండిటి సోదరబంధం అన్నాడు. గది అన్న మాట అందులో లేదు. కానీ బయటికి పోయేవాడికి తిరిగొచ్చి తడి బూట్లు విప్పే చోటొకటి కావాలి గదా. మేము రెండోసారి ఒక కిరాణా కొట్టు వెనక చిన్న అర్రలో డెన్ పెట్టినప్పుడు ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. నెలలో రెండు ఆదివారాలే లోపల, మిగతావి బయట. కుర్చీలు కొననేలేదు. నువ్వు కూడా కొనకు. కుర్చీ వేస్తే ఒకడు పెద్దమనిషి అవుతాడు, మిగతావాళ్లు జనం అవుతారు. చాపలు చాలు, గుండ్రంగా కూర్చోండి.

సామాను గురించి ఒకటి. తాళ్లను పెట్టెలో కుక్కకండి. భుజం ఎత్తులో మేకులు కొట్టి చుట్టలుగా వేలాడదీయండి. తడి తాడు నీడలో ఆరాకే లోపలికి రావాలి, లేకపోతే వారంలో ముక్కిన వాసన పట్టి పోగులు తెగుతాయి. ప్రతి తాడు కొస సన్న దారంతో చుట్టి బిగించండి. కొత్తగా వచ్చిన పిల్లల మొదటి పని అదే కావాలి. చేతికి పని దొరికితే కొత్తవాడికి బిడియం పోతుంది. బొంగు కర్రలు గోడకు ఆనించి నిలబెడితే వంగుతాయి, నేలను తాకితే పుచ్చు పడుతుంది. అడ్డంగా రెండు మేకుల మీద పెట్టండి.

తాళం చెవులు రెండు చేయించు. ఒకటి రోవర్లకు నాయకుడిగా ఉండే పిల్లవాడు, సీనియర్ రోవర్ మేట్ దగ్గర, ఇంకోటి రేంజర్ పిల్లల్లో వాళ్లు ఎన్నుకున్న అమ్మాయి దగ్గర. నీ దగ్గర ఒక్కటి కూడా వద్దు. ఇరవై రెండేళ్ల పిల్లవాడు తలుపు ముందు నిలబడి లీడర్ కోసం ఎదురు చూస్తే అది వాళ్ల డెన్ కాదు, నీ ఆఫీసు.


నల్లమల తొవ్వ:

అక్కా, తప్పుగా అనుకోకండి. మేము నాగర్‌కర్నూల్ వైపు. మాకు గది లేదు, ఒక రేకు పెట్టె ఉంది, అంతే. చెట్టు కిందే కలుస్తాం. 18,600 నా చేతిలో ఉంటే పిల్లలందరినీ మన్ననూరు తీసుకెళ్లి, అటవీ శాఖ అనుమతితో ఫరహాబాద్ దాకా చూపించి, మల్లెల తీర్థం జలపాతం మెట్లు దింపి తీసుకొస్తా. గోడలు రేపైనా ఉంటాయి, పిల్లలు రెండేళ్లలో ఉద్యోగాలకు పోతారు.


మర్రిగూడ బిడ్డ:

తమ్ముడూ, చెట్టు కింద అన్నావు గదా, అందుకే రాస్తున్నా. ఇది నేను ఎక్కడా చెప్పలేదు.

నేను రేంజర్‌ని. పందొమ్మిదో ఏట మానేశాను. ఇష్టం లేక కాదు. మేము కలిసే గ్రౌండులో బాత్రూం లేదు. ఊళ్లో పొద్దున ఆరింటికి బస్సెక్కితే మళ్లీ ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగు. నీళ్లు తాగకుండా ఉండేదాన్ని. ఎండాకాలం ఒకసారి కళ్లు తిరిగి పడిపోయాను, ఎండదెబ్బ అనుకున్నారు. నెలసరి వారాల్లో పోనే పోయేదాన్ని కాదు. మా లీడర్ మంచివారే, నేనే చెప్పలేకపోయాను. ఇంట్లో పని ఉందని చెప్పి మానేశాను. నాతో పాటు మానేసిన ఇంకో ఇద్దరు ఏ కారణం చెప్పారో నాకు తెలుసు, అసలు కారణమూ తెలుసు.

కాబట్టి మేడం, మొదటి రూపాయి మరుగుదొడ్డి మీద పెట్టండి. పెద్దనాన్న గారి ఇంట్లో ఉన్నదే బాగు చేయిస్తే చాలు. లోపలి గొళ్లెం గట్టిగా పడాలి. చున్నీ తగిలించుకోవడానికి ఒక మేకు. మూత ఉన్న చెత్తబుట్ట. బకెట్ నిండా నీళ్లు ఉన్నాయా లేదా చూసే వంతు అబ్బాయిలకూ వేయండి. అమ్మాయిలు ఎవర్నీ అడగకుండా వెళ్లి వచ్చేట్టు ఉండాలి, అదే ముఖ్యం.

తల్లిదండ్రులకు మాటలు చెప్పకండి, తీసుకొచ్చి చూపించండి. గల్లీ వైపు దర్వాజ మీటింగ్ జరిగినంతసేపూ తెరిచే ఉంటుందని చూపించండి. రోవర్లకు ఒకరు, రేంజర్లకు ఒకరు, ఇద్దరు లీడర్లు లేకుండా కలిపి మీటింగ్ పెట్టొద్దు. చీకటి పడకముందే అయిపోవాలి. మా నాన్న ఒక్కసారి వచ్చి చూసి ఉంటే నన్ను అడిగేవాడు, నేను చెప్పేదాన్ని.

పాత రోవర్ సార్ తాళం గురించి చెప్పినదానితో నేను ఒప్పుకోను. పెద్ద మాటకు ఎదురు చెప్తున్నా, క్షమించండి సార్. లీడర్ చేతిలో చెవి లేకపోతే ఏదైనా జరిగినప్పుడు బాధ్యత ఎవరిది? మూడో చెవి ఉండాలి.

ఇంకో సంగతి. ఆ ఇంట్లో బోరుంటే కాళ్లు కడుక్కోవడానికి, గోడలకు వాడండి. తాగడానికి మాత్రం భగీరథ నల్లా నీళ్లే పట్టి పెట్టండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మా తాత మోకాళ్లు చాపలేక గొంతుక్కూర్చునే చనిపోయాడు, అందుకే ఈ మాట ఎక్కడ రాసినా చెప్తా. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ పద్ధతి అని. మీ పిల్లల్లో ఎంతమందికి తెలుసో అడగండి. అడుగుకు కొంచెం పైన కుళాయి ఉన్న ప్లాస్టిక్ బకెట్ ఒకటి డెన్‌లో పెట్టుకొని, మడ్డి కిందికి దిగితే పైనీళ్లు ఎట్లా తీస్తారో బడి పిల్లలకు చూపించొచ్చు. ఏం సేవ చేయాలని వెతుక్కునే పని ఉండదు.


దూలం వాసం:

మాది మహబూబ్‌నగర్, వడ్రంగి పని. స్కౌట్ సంగతులు తెలియవు, కప్పు సంగతి చెప్తా.

ముందు చెదలు చూడండి. ఎనిమిదేళ్లు మూసిన కొట్టు అంటే తప్పకుండా ఉంటాయి. మా పిల్లలమర్రి ఏడు వందల ఏళ్ల చెట్టు అంటారు, దాన్నే చెదలు తొలిచేస్తే 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. మీ వాసాలెంత? సుత్తితో ప్రతి వాసాన్నీ మూడుచోట్ల కొట్టండి, గోడలో దిగే చోట ముఖ్యంగా. గట్టిగా ఖంగుమంటే సరే. బోలుగా డొబ్బుమంటే స్క్రూడ్రైవర్‌తో పొడవండి, అంగుళం దిగితే మార్చాల్సిందే. అది చూడకుండా పిల్లలను పైకి ఎక్కించొద్దు.

పెంకులు తీసి రేకులు వేయమని ఎవరో ఒకరు చెప్తారు, వినకండి. మేలో కొలిమి అవుతుంది, వానొస్తే ఒకరి మాట ఒకరికి వినపడదు. పాత ఇళ్లు కూలగొట్టే చోట పాత పెంకులే అమ్ముతారు, పగిలినవి మార్చుకుంటే చాలు. సున్నం గోడకు సిమెంటు పూయొద్దు, లోపలి చెమ్మ బయటికి రాక పెచ్చులు ఊడుతుంది. సున్నమే మూడు పూతలు వేయండి. మొదటిది పల్చగా.


నీలగిరి రేంజర్ లీడర్:

ఏడు వారాలైంది. అందరికీ పేరుపేరునా చెప్పాలి, ఆలస్యానికి ఏమనుకోకండి.

కాగితం రాశాం. పెద్దనాన్నకు చదివి వినిపిస్తే "అయిదేళ్లు కాదు, పదేళ్లని రాయి" అన్నాడు. ఖాళీ చేయమంటే ఆరు నెలల ముందు చెప్పాలని ఆయనే చేర్పించాడు.

మర్రిగూడ అక్కా, మీరు రాసింది మా రేంజర్లకు చదివి వినిపించాను. చదవడం అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. చివరికి పానగల్ నుంచి సైకిల్ మీద వచ్చే అమ్మాయి "నేను కూడా నీళ్లు తాగను మేడం" అంది. మూడేళ్లు నా పక్కనే కూర్చున్న పిల్ల. నేను కనిపెట్టలేకపోయాను. మొదటి డబ్బులు అక్కడే పెట్టాం, 6,400 అయ్యాయి. గొళ్లెం ఆ అమ్మాయే బజారుకెళ్లి ఏరి తెచ్చింది.

దూలం అన్న చెప్పినట్టు సుత్తితో చూస్తే రెండు వాసాలు బోలుగా పలికాయి. అవి మార్చడానికి, పాత పెంకులకు, వడ్రంగి కూలికి 4,300. వైరు, రెండు బల్బులు, ఒక ఫ్యాను 3,100. చాపలు, తాళాలు, ట్రంకు పెట్టె 2,600. సున్నం, బ్రష్షులు 900. మిగిలిన 1,300 నల్లమల తమ్ముడి మాట ప్రకారం పక్కన పెట్టాం. దానికి ఇంకా కలిపి వానలు తగ్గాక మన్ననూరు వస్తాం. తొవ్వ చూపించడానికి మీరు రావాలి.

ఒక్కటి నా మనసులో ఉండిపోయింది. సున్నం వేసే రోజు నేను రావడం ఆలస్యమైంది. వచ్చేసరికి రోవర్లు ఉత్సాహం మీద మొదటి గోడ సగం దాకా వేసేశారు. తాత గీతలు సగం పోయాయి. నేను ఏమీ అనలేదు, బయటికి వెళ్లి బావి గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి మెడికల్ షాపు అబ్బాయి వచ్చి, "అక్కా, ఆ గీతలేంటి? రేంజర్లు బ్రష్షు లాక్కొని ఆపేశారు" అన్నాడు. చెప్పాను. లోపలికి వెళ్లి వాళ్లకు ఏం చెప్పాడో గానీ, మిగిలిన సగం చుట్టూ అంగుళం వదిలి గీత కొట్టినంత నేరుగా సున్నం వేశారు. మూరెడు వెడల్పు, ఎత్తు అంతకంటే కొంచెం తక్కువ. లెక్కపెడితే 115 బస్తాలు కనిపిస్తున్నాయి. తాళ్ల మేకులు దాని పక్క గోడకు కొట్టారు.

తాళం చెవులు సార్ చెప్పినట్టే ఇద్దరి దగ్గరా ఉన్నాయి. మూడోది కవరులో పెట్టి, అంటించి, మా ఇద్దరు లీడర్ల సంతకాలతో ఎదురింటి టీచరమ్మ దగ్గర పెట్టాం. కవరు చింపితే ఎందుకు చింపామో లాగ్ బుక్కులో రాయాలి. ఈ పద్ధతి మా గ్రూపు నిర్ణయాలు తీసుకునే క్రూ కౌన్సిల్లో పిల్లలే తేల్చారు, గంటన్నర వాదించుకున్నారు. మొన్న ఆదివారం నేను పది నిమిషాలు ముందే వెళ్లాను. దర్వాజ తీసే ఉంది. లోపల కొత్తగా చేరిన అబ్బాయి చాప మీద కూర్చొని తాడు కొసకు దారం చుడుతున్నాడు, పళ్లతో బిగిస్తున్నాడు. నన్ను చూసి లేవబోతే, పక్కనున్న అమ్మాయి "వదిలితే ఊడిపోతది, కూర్చో" అని చెయ్యి పట్టి ఆపింది.

పాత రోవర్ సార్, ఒక సందేహం. పోయిన వారం వానలో తడిసిన నూలు తాళ్లు రెండు రోజులైనా ఆరలేదు, వాకిట్లో నీడ తక్కువ. లోపల ఫ్యాను కింద వేస్తే పరవాలేదా, చెమ్మ గోడకు పడుతుందా? వచ్చే ఆదివారం మీరు ఇటు వస్తానన్నారు కదా, పొద్దున బస్సుకు వస్తే మా వాళ్లలో ఒకరు బండి తీసుకొని గడియారం సెంటర్‌లో ఉంటారు. భోజనం ఇక్కడే, జొన్నరొట్టెలు చేస్తామని రేంజర్లు చెప్పమన్నారు.


పాలమూరు పాత రోవర్:

ఫ్యాను కింద వద్దు బిడ్డా. చూరు కింద ఒక తీగ కట్టండి, గాలి ఆడుతుంది, వాన తగలదు. పొద్దున ఆరు గంటల బస్సుకు బయల్దేరుతా. నా దగ్గర పాత నూలు తాడు ఒకటుంది, 60 అడుగులు, ఇంకా గట్టిగానే ఉంది. దానికి ఒక మేకు ఖాళీగా ఉంచమను.